దత్తత వెళ్ళినవాడి వరస

మా వైపు కొత్త మనిషి ఎదురైతే ముందు పేరు అడగరు. "ఎవరి తాలూకండి?" అని అడుగుతారు. ఎవరి కొడుకో, ఎవరి అల్లుడో, ఎవరింటికి వచ్చాడో తెలిస్తే మనిషి మొత్తం తెలిసిపోయినట్టే. పేరు ఆ తర్వాత, అవసరమైతే. ఈ ప్రశ్నంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. దీనికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి చెప్పడానికే అనుమతి ఉంది.

నేను పుట్టింది గోదావరికి అవతల, కోనసీమలో. పెరిగింది ఇవతల, నరసాపురానికి దగ్గర్లో. మధ్యలో నది, నది దాటించే పంటు. నన్ను కన్నావిడకి ఇద్దరు మగపిల్లలు, చిన్నవాణ్ణి నేను. ఆవిడ అన్నగారికి పిల్లల్లేరు. నాకు బడి వయసు రాకముందే నన్ను ఆయనకి దత్తత ఇచ్చారు. హోమం పొగకి కళ్ళు మండటం, ఒక ఒళ్ళోంచి ఎత్తి ఇంకో ఒళ్ళో కూర్చోబెట్టడం గుర్తున్నాయి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే వయసు కాదు, అడిగే ఆచారమూ లేదు.

ఆ ఒక్క పూటతో వరసలన్నీ మారిపోయాయి. మేనమామ నాన్న అయ్యారు. ఆయన భార్య, అప్పటిదాకా అత్త, అమ్మ అయింది. నన్ను కన్నావిడ, నాన్నకి చెల్లెలు కాబట్టి, నాకు మేనత్త అయింది. కన్నతండ్రి మావయ్య. ఒకే కంచంలో తిన్న అన్నయ్య, బావ.

దత్తత అయ్యాక మొదటిసారి అవతలి ఊరు తీసుకెళ్ళినప్పుడు నేను గుమ్మంలోంచే "అమ్మా" అని పరిగెత్తాను. ఆవిడ వంగి నా భుజాలు పట్టుకుని ఆపింది.

"అమ్మా అనకూడదు నాన్నా. అత్తా అనాలి. ఏదీ, అను."

అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి జున్నుముక్క తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడ ఏడ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ నేను చూడలేదు. చూడనిది లెక్కలో వెయ్యను.

అమ్మ గురించి ఒక మాట ఇక్కడే చెప్పెయ్యాలి. "పెంచినావిడ" అనే మాట నేను వాడను. టైఫాయిడ్ వచ్చినప్పుడు నా మంచం పక్కన కూర్చుంది ఆవిడే, పదో తరగతి తప్పితే తిట్టిందీ, మళ్ళీ కట్టించిందీ ఆవిడే. మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడా లేసు అల్లేది. చేతిలో లేసు సూది ఆగిందంటే మనసులో ఏదో ఉందని మేం తెలుసుకునేవాళ్ళం. ఆవిడ మనసులో ఉన్న భయం ఒక్కటే. ఎప్పటికో ఒకప్పుడు నేను నది దాటి వెళ్ళిపోతానని. నేను అవతలికి ఎప్పుడు వెళ్ళినా, తిరిగొచ్చాక ఏం తిన్నావో అడిగేది. అక్కడ ఎక్కువ తిన్నట్టు చెప్పకూడదని నాకు చాలా తొందరగా అర్థమైంది.

నాన్న పోయాక వ్యవసాయం నామీద పడింది. పదో తరగతితో చదువు ఆగిన నాకు లెక్కలంటే మాత్రం ఇష్టం పోలేదు. గొలుసు పట్టుకుని పొలాలు కొలవడం, వంకర గట్ల చేలని త్రిభుజాలుగా విడగొట్టి విస్తీర్ణం కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. తొంభైలలో మా చుట్టుపక్కల వరిచేలన్నీ రొయ్యల చెరువులవుతుంటే, చెరువు తవ్వకముందు కొలతకీ, అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పంపకానికీ నన్ను పిలిచేవాళ్ళు. ఇతరుల వాటాలు విడదీయడంలో నాకు తడబాటు ఉండేది కాదు. ఎవరు ఎటు చేరతారో ముందే చెప్పి ఉంటారు. నేను గీత గీస్తే చాలు.

ఆ రోజుల్లోనే నన్ను కన్నావిడ పోయింది. ఎస్టీడీ బూతుకి ఫోనొస్తే బూతు నడిపే అతను సైకిలు మీద వచ్చి చెప్పాడు. "మీ మేనత్త గారు పోయారంటండి." నేనూ అమ్మా, నాన్నకి తమ్ముడి వరసయ్యే ఒక పెద్దాయనా కలిసి పంటు దాటాం. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఊళ్ళో ఏ తగువైనా ఆయన అరుగు మీదే తేలేది.

తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు కొరివి పెట్టడం మా వైపు ఆచారం. ఆవిడ చిన్నకొడుకుని నేను. పాడె లేచే ముందు కుండ ఎవరు పట్టాలన్నప్పుడు నా కాళ్ళు వాటంతట అవే ఒక అడుగు ముందుకేశాయి. బాబాయ్ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"మేనల్లుడివిరా. మేనల్లుళ్ళలో నిలబడు."

నిలబడ్డాను. బావ కుండ పట్టాడు. అమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి నన్నే చూస్తోంది, శవాన్ని కాదు. నేను వెనక్కి జరిగాక ఆవిడ భుజాలు దిగినట్టు కనిపించాయి. సరే అనుకున్నాను. నాకు దక్కాల్సింది తీసేసుకున్నారు, ఇంకొకరికి ఊరట దొరికింది. తూకం సరిపోయింది అనుకున్నాను.

తూకం సరిపోలేదని నాలుగైదేళ్ళ తర్వాత తెలిసింది.

మాకు ఒక్కతే అమ్మాయి. నరసాపురంలో డిగ్రీ పూర్తిచేసింది. బావకి ఒక్కడే కొడుకు, అవతల ఊళ్ళో కొబ్బరి వ్యాపారం. ఒక మధ్యాహ్నం బాబాయ్ మా వసారాలో కూర్చుని, మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని అన్నారు.

"అమ్మాయికి సంబంధాలు వెతుకుతున్నావంట. వరసైన కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరుగుతావేంట్రా?"

"ఎవరండి?"

"ఎవరేంటి, మీ బావ కొడుకు. నీకు మేనల్లుడి వరస. మేనరికం. భూమి బయటికి పోదు, పిల్ల బయటికి పోదు."

నేను నవ్వాను. ఆయన వేళాకోళం అనుకున్నాను. ఆయన నవ్వలేదు. పక్కకి చూస్తే అమ్మ చేతిలో లేసు సూది ఆగిపోయి ఉంది.

చదివేవాళ్ళు ఇక్కడ ఒకసారి ఆగాలి. కాగితం మీద ఆ వరస తప్పు కాదు. నేను ఆ ఇంటి మేనల్లుణ్ణి అయితే, మేనత్త కొడుకు నాకు బావ, బావ కొడుకు నా కూతురికి బావ వరస. మా వైపు అంతకన్నా మంచి సంబంధం లేదు. ఇంటిపేర్లూ వేరు. కానీ ఆ బావ నేను పుట్టిన కడుపునే పుట్టాడు. మా ఇద్దరి పిల్లలు అన్నదమ్ముల పిల్లలు. అంటే అన్నాచెల్లెళ్ళు. ఊరి లెక్క ప్రకారం భార్యాభర్తలు కాగలిగిన ఇద్దరు, నా ఒంటి లెక్క ప్రకారం ఒకే తల్లి మనవలు.

బాబాయ్ వెళ్ళాక అమ్మ నోరు విప్పింది.

"నేనే అడగమన్నాను ఆయన్ని."

"అమ్మా, నీకు తెలీదా వాడెవరో?"

"తెలుసు. నా ఆడపడుచు మనవడు."

"నా అన్న కొడుకు."

ఆవిడ దారం వేలికి చుట్టుకుంటూ, చాలా మామూలుగా అంది.

"నిన్ను తెచ్చుకున్న దగ్గర్నుంచీ జనం నా వెనక అంటూనే ఉన్నారు, ఎంత పెంచినా పరాయి కడుపేనని. ఈ పెళ్ళి జరిగితే ఇంక ఆ మాట అనేవాడుండడు. నువ్వు నిజంగా వాళ్ళ కొడుకువైతే ఈ పెళ్ళి జరగదు గదా. జరిగిందంటే నువ్వు నా కొడుకువే."

ఆవిడ తర్కంలో ఎక్కడా తప్పు పట్టుకోలేకపోయాను. నా జీవితంలో నేను విన్న అతి ఖచ్చితమైన లెక్క అది. అందుకే భయమేసింది. ఆవిడకి నేను కొడుకునని రుజువు కావాలి. ఆ రుజువు నా కూతురు.

మా అమ్మాయి మాత్రం తేలిగ్గా కొట్టిపారేసింది. "నాన్నా, నువ్వు అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వాడే కనిపిస్తాడు. అదే ముక్కు. వాణ్ణి చేసుకుని పొద్దున్నే లేచి నీ ముక్కు చూడాలా?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసి, "నానమ్మని బాధపెట్టకుండా చెప్పు. కానీ చెప్పు," అంది.

నా భార్య దారి చూపించింది. "పంతులు గారిచేత అనిపించెయ్యండి. దత్తత వెళ్ళినా పుట్టింటి వంశంలో పెళ్ళి కూడదని శాస్త్రంలోనే ఉందంట. ఆయన కాదంటే అత్తయ్యా ఏమీ అనరు, ఊరూ ఏమీ అనదు. మీరు చెడ్డవాళ్ళవడం ఎందుకు?"

మంచి సలహా. ఎవరికీ నొప్పి లేదు. ఒక్క పంచె, కాసిని పళ్ళతో పనైపోయేది. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో నాకే వెంటనే తెలియలేదు. పొలాల గట్ల మీద గొలుసు లాగుతూ ఆ వారమంతా అదే ఆలోచించాను.

అంతకు కొంతకాలం ముందు రాజమండ్రిలో, పాత పుస్తకాలమ్మే బండి మీద, మనస్తత్వ శాస్త్రం మీద ఒక పుస్తకం కొన్నాను. మనిషి తయారై పుట్టడనీ, తాను ఎంచుకున్న పనులతో, వాటికి తానిచ్చే జవాబుదారీతో తనని తాను తయారు చేసుకుంటాడనీ అందులో ఉంది. ఇతరులు తగిలించిన పాత్రని నేనేనని నమ్మి బతకడం తనని తాను మోసం చేసుకోవడమే అని కూడా ఉంది. చదివి నవ్వుకున్నాను. రాసినాయన ఎవరో గానీ వరసలున్న ఊళ్ళో పుట్టినవాడు కాదు. ఇక్కడ ఎంచుకోవడానికి ముందే నీళ్ళు వదిలి ఇచ్చేస్తారు.

ఆ వారం మాత్రం ఆయనతో మళ్ళీ వాదనకి దిగాను. నాలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోయాను. ఇంటిపేరు తీసేశాను, అది ఒకసారి మారిందే కాబట్టి మళ్ళీ మారినా నేను చావను. ఊరు తీసేశాను. కొడుకు అన్న వరస, మేనల్లుడు అన్న వరస, రెండూ తీసేశాను. కొలతలు కట్టేవాడు అన్న పేరూ తీసేశాను. సున్నా వస్తుందనుకున్నాను. రాలేదు. ఈ తీసివేత చేస్తున్నవాడు ఒకడు మిగిలాడు. వాణ్ణి కూడా తీసెయ్యాలంటే తీసేవాడు ఇంకొకడు కావాలి. వాడికి ఇంటిపేరు లేదు గానీ నోరు ఉంది. నన్ను ఇచ్చింది ఒకళ్ళ మాట, పుచ్చుకుంది ఇంకొకళ్ళ మాట, పాడె దగ్గర వెనక్కి జరిపింది మరొకళ్ళ మాట. ఇప్పుడు కూడా పంతులు గారి మాటతో బయటపడితే నా మాట అంటూ ఎప్పటికీ ఉండదు. శాస్త్రం నా పక్షానే ఉండొచ్చు. అయినా ఈ మాట శాస్త్రం నోట్లోంచి రావడానికి వీల్లేదు.

బావని రమ్మని కబురు చేశాను. ఆదివారం మధ్యాహ్నం పంటులో వచ్చాడు. కొడుకుని తీసుకురాలేదు. బాబాయ్ ఉన్నారు. అమ్మ గోడకానుకుని కూర్చుంది. నా భార్య టీ పెట్టి వంటింటి గుమ్మంలో నిలబడింది. మాట మొదలుపెట్టకముందే నేను అన్నాను.

"ఈ పెళ్ళి జరగదు బాబాయ్. ఆ కుర్రాడికి నేను మావయ్యని కాదు. చిన్నాన్నని."

బాబాయ్ టీ గ్లాసు నేల మీద పెట్టారు.

"మరి దత్తత ఉత్తుత్తిదా?"

"కాదండి."

"అయితే తెగిపోయిందిగా. మీ అత్త పోయిన రోజు మేనల్లుళ్ళలో నిలబడ్డావు. అప్పుడు ఒప్పుకున్నవాడివి ఇప్పుడు మాట మారుస్తావేంట్రా?"

"ఆ రోజు నష్టం నా ఒక్కడిదే కాబట్టి ఊరుకున్నాను. ఇది నా కూతురిది."

"అది కాదబ్బాయ్. ఉంటే ఇటుండు, లేకపోతే అటుండు. రెండు పడవల మీద కాళ్ళేంటి?"

"మీ చేపల చెరువు నేనే కొలిచాను గదండి. ఈ మూల నుంచి మొదలుపెడితే ఒక లెక్క, ఆ మూల నుంచి మొదలుపెడితే ఇంకో లెక్క చెబితే మీరు ఒప్పుకునేవారా?"

"చెరువుకీ నీకూ ఏంట్రా?"

"ఇవతల నుంచి కొలిస్తే కొడుకుని, అవతల నుంచి కొలిస్తే ఎవణ్ణీ కాను అంటున్నారు. కొలత ఎటు నుంచి మొదలైనా విస్తీర్ణం ఒకటే రావాలి. రాకపోతే తప్పు చేనుది కాదు, కొలిచినవాడిది."

"చదువుకోని వాళ్ళతో ఇదే బాధ," అన్నారు బాబాయ్ పైకప్పు చూస్తూ. "సగం నేర్చుకుంటారు, అందరికీ పాఠం చెప్తారు."

అప్పటిదాకా టీ చల్లార్చుకుంటున్న బావ తలెత్తాడు. మొహం ఎర్రబడింది.

"ఇన్నేళ్ళూ బావా బావా అని, ఇవాళ అన్నయ్యనయ్యానా? రేపు నాన్న పొలంలో వాటా అంటావా ఏంటి?"

ఇది నేను ఊహించలేదు. అతను పెళ్ళి కావాలని రాలేదు, వద్దని చెప్పడానికి ధైర్యం లేక వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది. పెళ్ళి తప్పితే తమ్ముడు పుట్టుకొస్తాడు. తమ్ముడంటే వాటా.

"ఒక్క సెంటు కూడా వద్దు అన్నయ్యా. వాటాలు కొలవడమే నా పని, అడగడం కాదు. అన్నయ్యా అని పిలుస్తాను, అంతే. పలకడం నీ ఇష్టం."

అతను పలకలేదు. గ్లాసు అక్కడే వదిలి, చెప్పులేసుకుని, "మళ్ళీ పంటు పోతుంది," అని వెళ్ళిపోయాడు. బాబాయ్ కూడా లేచారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, నాతో కాదు, అమ్మతో అన్నారు.

"విన్నావుగా వదినా. తేల్చేశాడు."

వాళ్ళు వెళ్ళాక అమ్మ అడిగింది.

"అయితే నేనెవర్ని?"

"మా అమ్మవి."

"మరి అదెవరు?"

"ఆవిడా మా అమ్మే."

"ఒకడికి ఇద్దరుండరు."

"నాకున్నారు."

ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో మాట లేదు. నా భార్య వడ్డిస్తే తినేది, నేను ఆ పక్కగా వస్తే కంచం దగ్గర్నుంచి లేచిపోయేది. మనవరాలితో మాత్రం మాట్లాడేది, నాకు వినపడేలా. "మీ నాన్నకి అవతల అన్నగారున్నాడంట, అడగవే, సామాను ఎప్పుడు సర్దుకుంటాడో." మా అమ్మాయి "సర్దడానికి ఏముంది నానమ్మా, రెండు లుంగీలు, ఒక గొలుసు," అనేది. ఆ గదిలోంచి నవ్వు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. వినిపించేది కాదు.

నేను తప్పు చేశానని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆవిడ బాధ నాకు తెలుసు. నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. కానీ ఒకరి బాధ పోవడానికి నన్ను సగానికి కోసుకోవాలంటే, కోసిన సగం ఆవిడకీ పనికిరాదు. సగం కొడుకుని పెట్టుకుని ఏం చేస్తుంది?

ఒకరోజు సాయంత్రం ఆవిడ వసారాలో కూర్చుని ఉంటే వెళ్ళి ఎదురుగా కింద కూర్చున్నాను. లేవబోయింది. చీర కుచ్చెళ్ళ దగ్గర పట్టుకున్నాను, చిన్నపిల్లాడిలాగా.

"సామాను సర్దుకోలేదేం?" అంది, మొహం పక్కకి తిప్పి.

"నేనెక్కడికీ వెళ్ళను. నువ్వు నన్ను తెచ్చుకున్నావు. అప్పుడు నన్నెవరూ అడగలేదు. అడిగుంటే ఏడ్చి ఉండేవాణ్ణి, వెళ్ళనని."

ఆవిడ చీర లాక్కోలేదు.

"ఇన్నాళ్ళూ నీ దగ్గర ఉన్నది, నన్ను ఇచ్చారు కాబట్టి. అవతల వాళ్ళు నాకేమవుతారో నేను అనకూడదన్నారు కాబట్టి. ఇప్పుడు వాళ్ళెవరో నోటితో చెప్పేశాను. పొమ్మని కూడా అన్నావు. పోలేదు. ఇవాళ్టి నుంచి ఇక్కడుంటున్నది నేను, ఉండాలనుకుని. ఆ ఉండటానికీ ఈ ఉండటానికీ తేడా నీకు తెలీదా?"

ఆవిడ దారపు ఉండ వెతుక్కుంది. అది నా మోకాలి కింద ఉంది. తీసిచ్చాను.

"ఈ ముక్కేదో ఆ ముసలాడి ముందు ఏడ్చుంటే సరిపోయేది గదరా," అంది. "ఊరంతా ఏమనుకుంటోందో తెలుసా? ముసలిదాన్ని వదిలేశాడని."

"ఇప్పుడు చెప్తాను."

"ఇప్పుడా? అన్నం తినేసి వెళ్ళు."

తినకుండానే వెళ్ళాను. బాబాయ్ అరుగు మీద పేపరు చదువుతూ ఇద్దరు ముగ్గురితో కబుర్లాడుతున్నారు. అమ్మతో అన్నదంతా చెబితే విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నన్ను కొత్తగా చూశారు.

"ఆవిడా అమ్మే, ఈవిడా అమ్మే. అవతల అన్నయ్య, ఇవతల ఇంటిపేరు. అలా ఎక్కడన్నా ఉంటుందంట్రా?"

"ఉన్నాను గదండి," అన్నాను.